తెరుచుకోని ఫైలు

నేను ఆ షెడ్డులో వీడియో ఫైలు తెరవడానికి తంటాలు పడుతున్నంతసేపూ గోడకి అవతల ఒక మనిషిని కొడుతూనే ఉన్నారు. రేకుల షెడ్డది. గోడ పైదాకా ఉండదు, మధ్యలో గాలి కోసం ఖాళీ వదిలారు. ముందు దెబ్బ పడిన చప్పుడు వినిపించేది, కాస్త ఆగి అతని గొంతు.

భీమవరం దగ్గరి పల్లె మా అత్తవారిది. మావారూ, ఆయన అన్నగారూ కలిసి రొయ్యల చెరువులు చేసేవారు. నేను పుట్టి పెరిగింది నిడదవోలులో. నాన్నకి అక్కడ ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి కాకముందు అందులో వీడియోల ఎడిటింగంతా నేనే చూసుకునేదాన్ని. ఒక్కో కెమెరా ఒక్కో రకం ఫైలు ఇస్తుంది. ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి మొండికేస్తుంది. వాటితో కుస్తీ పట్టీ పట్టీ నాకు ఆ పని బాగా అలవాటైంది. అందుకని అత్తవారింట్లో ఫోనుకి గాని, టీవీకి గాని, కంప్యూటరుకి గాని ఏమొచ్చినా నన్నే పిలిచేవారు.

ఆ రోజు ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. బావగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మావారు మంచం మీద లేచి కూర్చుని విన్నారు.

"ఏరియేటర్ల మోటార్లు ఎత్తుకుపోయారంట. ఒకడు దొరికాడంట. లాప్‌టాప్ పట్టుకుని నువ్వు కూడా రా, కెమెరాలో చూడాలంట" అన్నారు చొక్కా వేసుకుంటూ.

చెరువులో నీళ్ళని చిలికి రొయ్యకి గాలి అందించే చక్రాలే ఏరియేటర్లు. రాత్రిపూట అవి ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య ఊపిరాడక పైకి తేలిపోతుంది. మేం వెళ్ళేసరికి గట్టు వారనంతా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. కొన్ని ఇంకా ఎగిరెగిరి పడుతున్నాయి. అంతకుముందు పంట వైరస్ వచ్చి పోయింది. దాని ముందుదీ అంతే. బావగారు ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది.

గేటు పక్కన కరెంటు స్తంభానికి ఒక మనిషిని కట్టేసి ఉంచారు. నడివయసు మనిషి, సన్నగా, నల్లగా ఉన్నాడు. కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టెక్కడానికి తెచ్చుకున్న తాడుతోనే అతన్ని కట్టారు. సైకిలు గట్టు కింద గడ్డిలో పడి ఉంది. దాని హ్యాండిలుకి తగిలించుకున్న కత్తిని తీసి బావగారి కాళ్ళ దగ్గర పెట్టారు, అదేదో సాక్ష్యమన్నట్టు. అప్పటికే అతని నోట్లోంచి రక్తం కారి బనీను మీద చారికలు కట్టింది.

"నేను దింపుకొచ్చానండి బాబూ. కాలవ అవతల తోట వారు పొద్దున్నే రమ్మన్నారండి. ఫోన్ చేసి అడగండి" అంటున్నాడు.

"చేశాం. ఎత్తట్లేదు" అన్నారు బావగారు.

చెరువు కాపలా మనిషి పీవీసీ పైపు ముక్క పట్టుకుని ముందుకొచ్చాడు. చాలా ఏళ్ళుగా మావాళ్ళ దగ్గరే ఉంటున్నాడు. "రాత్రి వచ్చింది వీడే బాబూ. నా కళ్ళతో చూశాను. నేను కేకేస్తే పారిపోయాడు. మిగిలిన మోటారు కోసం మళ్ళీ వచ్చాడు" అని, ఆ పైపుతో అతని మోకాళ్ళ మీద కొట్టాడు. ఆ మనిషి కిందికి జారబోయాడు గాని తాడు జారనివ్వలేదు.

"అన్ని మోటార్లు సైకిలు మీద ఎలా తీసుకెళ్తాడండి?" అన్నాను మావారితో, చిన్నగా.

"వీడు దారి చూపించినవాడు. మిగతావాళ్ళ పేర్లు చెప్పిస్తాం. నువ్వు లోపలికెళ్ళి కెమెరా సంగతి చూడు" అన్నారు.

అదే స్తంభం మీద, అతని తలకి బాగా పైన, గేటూ స్తంభం మొదలూ కనిపించేలా కిందికి వంచిన కెమెరా ఉంది. రికార్డు చేసే డబ్బా షెడ్డులో ఉంది. దానికి కలిపిన చిన్న టీవీ పిడుగు పడ్డప్పుడు కాలిపోతే మళ్ళీ ఎవరూ కొనలేదు. నేను డబ్బాని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, రాత్రి రికార్డింగుని దాన్లోకి దించుకున్నాను. అంతవరకూ బాగానే జరిగింది. ఫైలు మీద నొక్కితే నల్లటి తెర వచ్చింది. కింద టైము మాత్రం పరుగెడుతోంది.

వీడియోని ఉన్నదున్నట్టు దాచుకోవాలంటే ఎంత పెద్ద హార్డ్‌డిస్కూ చాలదు. అందుకని దాన్ని కుదించి మడతలు పెట్టి దాస్తారు. ఏ పద్ధతిలో మడత పెట్టారో ఆ పద్ధతి తెలిసిన కోడెక్ అనే చిన్న ప్రోగ్రాము మన కంప్యూటరులో ఉంటేనే మడతలు విప్పగలం. లేకపోతే ఫైలు మన దగ్గరే ఉంటుంది, బొమ్మ రాదు. మా కెమెరాలు పెట్టినతను రికార్డింగు ఎక్కువ రోజులు నిలవుండాలని దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చి వెళ్ళాడు. అప్పుడది మంచి పనే అనుకున్నాం.

బయట మావారి గొంతు వినిపిస్తోంది. "ఎంతమంది వచ్చార్రా? చెప్పు. ఎంతమంది?"

"నాకు తెలీదండి."

దెబ్బ.

"బండి ఎవడిది?"

"నాకు తెలీదండి బాబూ, నా పిల్లల మీద ఒట్టండి."

మళ్ళీ దెబ్బ. ఈసారి చప్పుడు వేరుగా ఉంది. కర్ర కాదు, పైపు కాదు. తర్వాత తెలిసింది, అది ఏరియేటరు చక్రాలకుండే ఇనుప రాడ్డు.

నేను బయటికి వెళ్ళాను. "బావగారూ, ఫైలు ఇంకా తెరుచుకోలేదండి. దానికి కావాల్సింది దించుకోవాలి. అందాకా ఆగండి."

ఆయన నాకేసి చూడలేదు. "నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్. మా పని మేం చూసుకుంటున్నాం."

పోలీసులకి ఫోన్ చెయ్యాలని నాకు అప్పటికి తోచలేదు. ఫైలొక్కటి తెరుచుకుంటే చాలు, ఇదంతా ఆగిపోతుందనే అనుకున్నాను. లోపలికి పరుగెత్తాను. చెరువుల మీద సిగ్నలు ఎప్పుడూ అంతంతమాత్రం. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి కిటికీ ఊచల మధ్య నిలబెట్టాను. అక్కడినుంచి స్తంభం కనిపిస్తుంది. చూడకూడదనుకుంటూనే చూశాను. కాపలా మనిషి అతని జుట్టు పట్టి తల పైకెత్తుతున్నాడు. మావారు అరచేత్తో చెంప మీద ఎడాపెడా వాయిస్తున్నారు. ఆయనకి ఆయాసం వస్తోంది. మధ్యలో ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఇంట్లో ఎరువుల బస్తా మోసినప్పుడు కూడా ఆయన అలాగే ఆగేవారు.

ఒక కోడెక్ దిగింది. అన్ని రకాల ఫైళ్ళకీ పనికొస్తుందని రాసి ఉంది. దాన్ని ఎక్కించి ఫైలు తెరిచాను. ఈసారి తెర నలుపు పోయింది. ఆకుపచ్చ, గులాబి, నీలం రంగుల్లో గళ్ళు గళ్ళుగా ఏదో కదులుతోంది. గేటు ఉందని తెలుస్తోంది. గేటు దగ్గర మనుషులున్నారని తెలుస్తోంది. ఒక మనిషి సగం ఇక్కడా సగం అక్కడా ఉన్నాడు. ముఖం ఉండాల్సిన చోట గళ్ళున్నాయి.

మావారు చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చి నా భుజం మీంచి చూశారు. "అదిగో. నీలం గళ్ళ లుంగీ" అన్నారు.

బయట కట్టేసిన మనిషి కట్టుకున్నది నీలం గళ్ళ లుంగీయే.

"అది లుంగీ కాదండి, బొమ్మ విరిగిపోయి వస్తోంది. కోడెక్ సరైంది కాదు. రాత్రిపూట ఆ కెమెరాకి రంగులుండవండి, ఉత్త తెలుపూ నలుపే వస్తుంది. ఇందులో నీలం ఉండడానికే లేదు" అన్నాను. చెయ్యి పట్టుకుని ఆపబోయాను.

ఆయన విదిలించుకున్నారు. గుమ్మం దాటుతూనే, "కెమెరాలో ఉన్నాడన్నయ్యా. నీలం లుంగీ. నేనే చూశాను" అని చెప్పారు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళతో చూడలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. రాడ్డు చప్పుడు, ఆ తర్వాత ఎండిన మట్ట విరిగినట్టు ఇంకో చప్పుడు. అది అతని మోచెయ్యి. అతని అరుపు మొదట మాటగానే మొదలై, మధ్యలో మాట కాకుండా పోయింది. కాపలా మనిషి, "చెప్పరా, చెప్పు, ఒప్పుకో" అని ఒకటే కేకలు. అందరికంటే అతని గొంతే పెద్దగా ఉంది.

ఒక అక్షరం నొక్కబోతే ఇంకోటి పడుతోంది. రికార్డింగు డబ్బా సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక్కో పేజీ తిప్పాను. అక్కడుంది. హెచ్.265, దాని పక్కన ఒక ప్లస్ గుర్తు. ఆ ప్లస్ ఉంటే మామూలు కోడెక్ సరిపోదు, డబ్బా తయారుచేసినవాళ్ళ సొంత కోడెక్ కావాలి. స్టూడియోలో ఒకసారి ఎవరో పెట్రోలు బంకు ఫుటేజీ తెస్తే ఇదే తిప్పలు పడ్డాను. డబ్బా వెనక మోడల్ నంబరు చూసి కొట్టాను. దొరికింది. కొంచెం కొంచెంగా దిగడం మొదలైంది.

దిగుతూ దిగుతూ ఆగిపోయింది. ఫోను తీసుకుని కిటికీ గట్టు మీదికెక్కి నిలబడి, చెయ్యి ఊచల్లోంచి బయటికి చాపాను. మళ్ళీ కదిలింది. చెయ్యి లాగేస్తున్నా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఇక తప్పదు కాబట్టి చూశాను. అతను స్తంభానికి వేలాడుతున్నాడు. ఒక కన్ను మూసుకుపోయి ముఖంలో కలిసిపోయింది. బావగారు కత్తి చేతిలోకి తీసుకున్నారు. దాని వెనకవైపుతో అతని గడ్డం పైకెత్తి, "పేర్లు చెప్తే బతుకుతావు" అన్నారు, ఏదో బేరం మాట్లాడుతున్నంత నెమ్మదిగా.

కోడెక్ మొత్తం దిగాక ఎక్కించాను, ఫైలు తెరుచుకుంది. తెలుపూ నలుపుల్లో, అద్దంలో చూసినంత స్పష్టంగా.

గేటు బయట ఒక ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు పొడుగు, ఒకడు లావు. ఇద్దరివీ ప్యాంట్లే. నాకు తెలియని ముఖాలు. గేటు లోపలినుంచి మూడో మనిషి వచ్చి గొలుసు తీశాడు. వాళ్ళు మోటార్లు ఒక్కొక్కటే మోసుకొస్తుంటే దారి పొడుగునా టార్చిలైటు పట్టాడు. ఆటో వెళ్ళిపోయాక గొలుసు మళ్ళీ వేసి, తాళం సరిగ్గా పడిందో లేదో లాగి చూసి, తలెత్తి కెమెరా వైపు చూశాడు. మా కాపలా మనిషి. టీవీ కాలిపోయింది కాబట్టి కెమెరా కూడా పోయిందనుకుని ఉంటాడు.

లాప్‌టాప్ రెండు చేతుల్తో పట్టుకుని బయటికి పరిగెత్తాను. "ఆపండి. ఇతను కాదు. చూడండి, ఇతను కాదు."

బావగారు చూశారు. మావారు చూశారు. కాపలా మనిషి తెర చూడలేదు, మా ముఖాలే చూశాడు. బావగారు తెర మీంచి కళ్ళు తియ్యకుండానే, "వాడి కట్లు విప్పండి" అన్నారు.

నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అయిపోయిందనుకున్నాను.

కాపలా మనిషి గట్టు మీద పరుగందుకున్నాడు. మావారు వెంటపడ్డారు. జారిపోయి చెరువులో పడ్డవాణ్ణి కాలు పట్టి లాగి, చచ్చిన రొయ్యల మీదుగా ఈడ్చుకొచ్చారు. అదే తాడు, అదే స్తంభం. ఈసారి బావగారే రాడ్డు తీసుకున్నారు. "నా తిండి తింటూ నా కొంపే ముంచుతావా" అని ఒక్క మాట అన్నారు. ఇక ఆ తర్వాత ఏమీ అడగలేదు. ఇందాక మనిషిని పేర్ల కోసమైనా కొట్టారు. ఇతని దగ్గర వాళ్ళకి ఏమీ అక్కర్లేదు. తల మీద, పక్కటెముకల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టారు. అతను ఒకసారి వాంతి చేసుకున్నాడు, అందులో రక్తం ఉంది. "అన్నయ్యా, చాలు" అని మావారన్నారు. కాసేపటికే మళ్ళీ ఆయన కూడా అందుకున్నారు.

దింపు మనిషి నేల మీద కూర్చుని, విరిగిన చేతిని ఇంకో చేత్తో ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. చెంబుతో నీళ్ళిస్తే పట్టుకోలేకపోయాడు. నేనే పట్టాను. సగం గడ్డం మీదుగా కారిపోయాయి.

"నా సైకిలు ఏదండి?" అన్నాడు.

గడ్డిలో ఉందని చెప్పాను. అతను అటు తిరిగి, ఉన్న ఒక్క కంటితో వెతుక్కున్నాడు. అప్పుడు షెడ్డులోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుని పోలీసులకి ఫోన్ చేశాను.

వాళ్ళు వచ్చేలోపు కాపలా మనిషికి స్పృహ పోయింది. ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎస్సైగారు అడిగితే బావగారు, "దొంగని పట్టుకుని ఊళ్ళోవాళ్ళు కొట్టారండి. మేం వచ్చి ఆపాం" అన్నారు. కెమెరా ఉంది కదా అంటే, "అది పిడుగుకి పోయిందండి" అన్నారు. ఎస్సైగారు తలెత్తి చూశారు. కెమెరా పనిచేస్తోందో లేదో కింది నుంచి తెలియదు. ఆయన నాకేసి చూశారు. నేను చెంబు తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాను.

వాళ్ళు వెళ్ళాక బావగారు నన్ను పిలిచారు. "అమ్మాయ్, రాత్రిది ఉంచు, వాడి మీద దొంగతనం కేసుకి పనికొస్తుంది. పొద్దుటిది తీసెయ్."

"అలాగేనండి" అన్నాను.

షెడ్డులోకి వెళ్ళి పొద్దుటి రికార్డింగంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జాకెట్టులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం మావారు, రాత్రిది లాప్‌టాప్‌లో ఉంది కదా, ఎందుకైనా మంచిదని డబ్బాని కూడా పెరికి చెరువులో పారేశారు.

మర్నాడు పోలీస్ స్టేషనుకి వెళ్ళి ఇచ్చాను. వాళ్ళ కంప్యూటరులోనూ నల్లటి తెరే. "ఏమీ లేదేంటమ్మా ఇందులో?" అన్నారు ఎస్సైగారు. ఉందండి, కోడెక్ కావాలి అని చెప్పి, వాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కించాను. బొమ్మ వచ్చాక కానిస్టేబుళ్ళు కూడా వెనక చేరారు. ఆ కెమెరాకి మైకు లేదు. నోళ్ళు తెరుచుకుంటున్నాయి, రాడ్డు లేస్తోంది, పడుతోంది, చప్పుడు లేదు. మోచెయ్యి విరిగిన చోట మాత్రం నాకు చప్పుడు వినిపించింది. ఆ క్షణాన నేను కిటికీకి వీపు పెట్టి ఉన్నాను కదా, కొట్టింది ఎవరో అప్పుడు చూశాను.

"ఈయన మీవారేనా?" అన్నారు ఎస్సైగారు.

"అవునండి."

ఇంటికెళ్ళేసరికి మాట ముందే చేరింది. మావారు గుమ్మంలోనే నా జుట్టు పట్టుకున్నారు. తలుపు రెక్కకేసి కొట్టారు. కింద పడ్డాక కాలితో తన్నారు. నా పన్ను ఒకటి ఊడి నాలుక మీదికొచ్చింది. లాప్‌టాప్ తీసి గచ్చుకేసి బద్దలు కొట్టారు. మళ్ళీ నా మీదికే వచ్చారు. మధ్యలో ఒకసారి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని ఊపిరి తీసుకున్నారు. ఆయన చెయ్యి ఎలా లేస్తుందో ముందే తెలుసు కాబట్టి నేను ముఖానికి చేతులు అడ్డం పెట్టుకోగలిగాను.

బావగారు అరుగు మీంచి, "చాల్లే, వదిలెయ్. మళ్ళీ అదో కేసవుద్ది" అన్నారు.

నేను ఫోన్ చేస్తే ఆ రాత్రే నాన్న వచ్చి నన్ను నిడదవోలు తీసుకెళ్ళిపోయారు. అప్పట్నుంచీ స్టూడియోలోనే పనిచేస్తున్నాను.

కాపలా మనిషి బతికాడు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దొంగతనం కేసు లేకుండా చూసుకుంటామని పెద్దమనుషులు రాజీ కుదిర్చారు. షెడ్డు మీంచి జారిపడ్డానని రాసిచ్చాడు. మోటార్లు ఎత్తుకుపోయిన ఇద్దరూ ఇంతవరకూ దొరకలేదు. దింపు మనిషి దగ్గరికి కూడా పెద్దమనుషులు వెళ్ళారు. అతను ఒప్పుకోలేదు. అతని చెయ్యి వంకరగా అతుక్కుంది, చెట్టెక్కలేడు. కంటికి రాజమండ్రిలో ఆపరేషను చేశారు గాని, వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదంటాడు. ఇప్పుడు అతని భార్య కడియం నర్సరీల్లో మొక్కల పనికి పోతోంది. అతను ఒంటి చేత్తో అక్కడే సంచుల్లో మట్టి నింపుతున్నాడు.

అతన్ని కొట్టిన కేసు విచారణకి రావడానికి చాలా కాలం పట్టింది. సాక్ష్యం చెప్పడానికి భీమవరం కోర్టుకి వెళ్ళాను. అక్కడి కంప్యూటరులో కూడా ఫైలు తెరుచుకోలేదు. అవతలి లాయరుగారు లేచి, ఫైలే చెడిపోయింది, ఇందులో చూడ్డానికేమీ లేదన్నారు. జడ్జిగారి అనుమతితో నేను వెళ్ళి కోడెక్ ఎక్కించాను. హాల్లో ఉన్నవాళ్ళంతా చూశారు. దింపు మనిషి కాసేపు చూసి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. బావగారు తెరకేసి కాకుండా నాకేసే చూస్తూ కూర్చున్నారు. రాడ్డు మావారి చేతిలోకి వచ్చిన దగ్గర ఆపించి జడ్జిగారు భోజనానికి లేచారు.

బయట మెట్ల మీద మావారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"నేను అన్నిసార్లు కొట్టానా?" అన్నారు. నిజంగానే అడుగుతున్నారు. "నాకు రెండో మూడో గుర్తున్నాయి."

"ఇంకా ఉంది. మధ్యాహ్నం వేస్తారంట" అన్నాను.

నాన్న టిఫిను క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే అటు నడిచాను.